పదహారు, డెబ్బై ఏడు

బస్సు ఆదోని స్టాండు దాటేసరికి తాహెర్‌కు కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ అటువైపే కొడుతోంది, కొడితే కొట్టనీ అనుకున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచీ అతను ఎక్కువసార్లు అనుకున్న మాట అదే, అన్నం చల్లారితే చల్లారనీ, ఫోను మోగితే మోగనీ, ఆఫీసువాళ్లు అడిగితే అడగనీ, ఏడుపు రాకపోతే రాకపోనీ. మిల్లుల రోడ్డులో తుమ్మచెట్ల ముళ్లకు దూది పింజలు పట్టుకుని ఊగుతున్నాయి, పత్తి లారీలు పోయి చాలా రోజులైనా అవి మాత్రం పోలేదు, నాయన చోటే సాబ్ ఈ రోడ్డులోనే ఒక ప్రెస్సింగు మిల్లులో పని చేసి కనుబొమ్మల నిండా దూదితో ఇంటికొచ్చేవాడు, అమ్మ గడపలోనే నిలబెట్టి కొంగుతో దులిపేది, ముసలోడివై వచ్చినావే అని నవ్వేది, ఆ ముసలితనం నిజంగా రాకముందే ఆయన పోయాడు. ఆయన కోసం ఏడ్చాడు తాహెర్. బాగా ఏడ్చాడు, గుర్తుంది. అమ్మ కోసమే ఏడుపు రావడం లేదు. ఈ సాయంత్రం అమ్మ నలభయో దినం ఫాతెహా, ఎమ్మిగనూరులో షాహీనక్క ఇంట్లో, అమ్మ పోయింది ఆ ఇంట్లోనే, చుట్టాలందరూ వచ్చి ఉంటారు, అందరి ముందూ అతను ఒక మాట చెప్పాలి, లేదా చెప్పకుండా ఉండాలి. బస్సు ఎక్కిన దగ్గర నుంచీ ఈ రెండింటి మధ్యే అతని మనసు అటూ ఇటూ పోతోంది. పోతే పోనీ.

పదహారు, డెబ్బై ఏడు. పొద్దున కంప్యూటరు తెరిచినప్పుడు కనబడిన అంకెలు. తెరిచింది దేనికంటే అమ్మ ఫోనులో గంట ఆపడానికి. అమ్మ పోయినా ఆమె ఫోను అక్క దగ్గరే ఉంది, అందులో తాహెర్ పెట్టిన గంట ఇంకా రోజూ తెల్లవారుజామున మోగుతోందట, వినలేకపోతాండామురా తీసెయ్యి అని అక్క రెండుసార్లు చెప్పింది, సరే తీసేస్తాను అని అతను రెండుసార్లు మరిచిపోయాడు. ఊళ్ల పట్టిక తెరిచాడు. ఆదోని వరుసలో అక్షాంశం పదహారు, రేఖాంశం డెబ్బై ఏడు. కింద ఎమ్మిగనూరు వరుసలో పదహారు, డెబ్బై ఏడు. ఒకటే. మొదట ఏమీ అనిపించలేదు, గోడ మీద క్యాలెండరు చూసినట్టు చూశాడు. తర్వాత ఆదోని ఎమ్మిగనూరు ఒకే చోట ఎట్లా ఉంటాయి అని ఒక ఆలోచన మెల్లగా, చాలా మెల్లగా నడిచొచ్చింది. ఆదోని పదిహేను పాయింటు ఆరు మూడు కదా. ఎమ్మిగనూరు డెబ్బై ఏడు పాయింటు నాలుగు ఎనిమిది కదా. ఆ పాయింట్లేవి? పాయింటు తర్వాతవి ఒక్కటీ లేవు. తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ గంట కథ వేరే. అమ్మ ఇంటి భాషలో రోజా అనే మాటే లేదు, ఒక్కపొద్దే, రంజాన్ వస్తే ఇంట్లో అందరూ ఒక్కపొద్దులు పట్టేవాళ్లు, సాయంత్రం ఖర్జూరంతో విడిచేవాళ్లు. తెల్లవారుజామున ఎప్పటిదాకా తినొచ్చు, సాయంత్రం ఎప్పుడు విడవాలి అన్నది మసీదు వాళ్లు పంచే అట్ట చూసి తెలుసుకునేవాళ్లు, వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించిన అట్ట, నూనె మరకల అట్ట. తాహెర్‌కు ఆ అట్ట మీద ఎప్పుడూ చిన్నచూపే. ఊరు ఊరంతటికీ ఒకే వేళ వేస్తారు, అందులోనూ ఎందుకైనా మంచిదని నాలుగు నిమిషాలు ముందే ఆపేస్తారు, ఇదేం లెక్క అనేవాడు. సూర్యుడు ఎక్కడుంటాడో లెక్క కట్టడం ఎంత పని? ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే చాలు. ఒక్క వారం కూర్చుని రాసేశాడు. ఊళ్లకు కాదు, ఇళ్లకే వేశాడు, ఆదోనిలో తమ మేడ, ఎమ్మిగనూరులో అక్క ఇంటి మిద్దె, పాయింటు తర్వాత ఆరు అంకెల దాకా. అంటే మిద్దె మీద తులసికోట ఉంటే తులసికోటకూ నీళ్ల తొట్టికీ తేడా తెలిసేంత, అక్క ఇంటి మీద తులసికోట ఎందుకుంటుందిలే, నీళ్ల తొట్టీ ఉతుకుడు బండా అనుకోవచ్చు. జాగ్రత్త కోసం మసీదువాళ్లు వదిలే ఆ నాలుగు నిమిషాలు కూడా తీసేశాడు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు జాగ్రత్త దేనికి? గంట మోగేదాకా తాగచ్చమ్మా, మోగినాక వద్దు, అంతే, అని అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ అట్ట తీసేసి అక్కడ గరిటె తగిలించింది.

"యాడికప్పా?" అంది పక్క సీటామె. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియలేదు, కాళ్ల దగ్గర మూట, మూటలోంచి ఉల్లిగడ్డల వాసన. "ఎమ్మిగనూరుకవ్వా." "నేనూ ఆడికే. కోసిగి మాది, తాయమ్మంటారు. నా బిడ్డను ఎమ్మిగనూరులో ఇచ్చినాము. నీకు ఆడ ఎవురుండారు?" తాహెర్ కిటికీ వైపు చూశాడు. "అమ్మ," అన్నాడు. నోరు తనంత తానే అనేసింది, సవరించాలని కూడా అనిపించలేదు. "మంచిదప్పా, అమ్మున్నప్పుడే పోతావుండల్ల. రెణ్ణెల్లు బెంగుళూరులో కూలికి పోయొచ్చేసరికి మా అమ్మను మన్నులో పెట్టేసిండిరి. సెప్పను కూడా సెప్పలేదు, పని సెడతాదని." ఆమె ఆ మాట ఎండ గురించి చెప్పినట్టు చెప్పి, మూట తీసి రెండు రేగిపళ్ల వడియాలు అతని చేతిలో పెట్టింది. పుల్లగా ఉండాలి. నోట్లో వేసుకున్నాడు. పులుపో కాదో తెలియలేదు. తెలియకపోతే మానీ.

ఆఫీసులో అతన్ని పాయింటు తాహెర్ అంటారు. ఎక్కడ లెక్కల్లో పాయింటు తర్వాత అంకె తేడా వచ్చినా ఫైలు అతని దగ్గరికే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది కూడా అతనే, ఆదోని మేడ మీద గదిలోంచి, వీడియోలో. డబ్బు గానీ తూకం గానీ ఏదైనా గానీ, డేటాబేసులో పెట్టేటప్పుడు మొత్తం ఎన్ని అంకెలు, పాయింటు తర్వాత ఎన్ని, రెండూ మీరే చెప్పండి, దానికి వదిలేయకండి, వదిలేస్తే ఒక్కో డేటాబేసు ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. భాగించేటప్పుడు జాగ్రత్త, ఒకటిని మూడుతో భాగిస్తే కొన్ని సున్నా అంటాయి, కొన్ని నాలుగంకెలు ఇచ్చి ఊరుకుంటాయి. మధ్యలో సర్దొద్దు, లెక్కంతా అయ్యాక చివర్లో ఒక్కసారి సర్దండి. ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పేటప్పుడు గొంతులో ఎంత ధీమా ఉంటుందో అతనికే తెలుసు. అట్లాంటివాడు రంజాన్‌కు ముందు ఒక సెలవు రోజున, గంట నడిచే పాత డేటాబేసు చిన్నదని, చుట్టాల ఫోనులన్నిటికీ ఒకేసారి అందాలని, కొత్త దాంట్లోకి మార్చాడు. అక్షాంశం, డెసిమల్. రేఖాంశం, డెసిమల్. ఆ మాట పక్కన బ్రాకెట్టులో రెండు అంకెలు వేయాలి. వేయలేదు. పాతది అట్లా రాసినా ఎన్ని అంకెలు ఇస్తే అన్నీ దాచుకునేది, ఆ అలవాటు. కొత్తది పాయింటు తర్వాత ఒక్కటీ అక్కర్లేదన్నారు కాబోలు అనుకుని దగ్గరి పూర్తి అంకెకు సర్దుకుంది. తప్పని అరవలేదు, ఆగలేదు, అడుగున ఎక్కడో ఒక చిన్న గమనిక వేసి ఊరుకుంది. గమనికలు చదవండి అని కూడా అతను పాఠంలో చెప్తాడు.

ఆరేకల్ దాటింది. ఎండిన పత్తి కట్టెలు పీకి కుప్పలు వేసిన నల్లరేగడి చేలు, మధ్యలో గొర్రెల మంద, గొడుగేసుకున్న కాపరి. పదహారు, డెబ్బై ఏడు అనే చోటు నిజంగా ఎక్కడుందో పొద్దునే పటంలో చూశాడు, ఎందుకు చూశాడో తెలియదు, ఏదో ఒకటి చేయాలి కాబట్టి. తుంగభద్ర అవతల, కర్ణాటకలో, మాన్వి దగ్గర. ఒక పొలం. గట్టు మీద రెండు చెట్లు, ఒక రేకుల కొట్టం. ఎవరి పొలమో. అమ్మ ఎన్నడూ చూడని పొలం. కిందటి రంజాన్‌లో తమ ఇళ్లన్నీ ఆ పొలంలోకి పోయాయి, ఆదోని మేడ, అక్క మిద్దె, అందరూ ఆ పొలంలో తెల్లవారేదాకా తిన్నారు, ఆ పొలంలో పొద్దు గూకినాక విడిచారు. సాయంత్రం ఆలస్యమైతే ఏముంది, ఇంకాస్త ఆకలి. తెల్లవారుజామున ఆలస్యమే తంటా. ఎమ్మిగనూరు మాన్వికి తూర్పున ఉంది కదా, తెల్లవారడం ముందు ఎమ్మిగనూరులోనే. రెండు నిమిషాలు ముందు. అంటే ఎమ్మిగనూరులో తెల్లవారిపోయాక కూడా అమ్మ ఫోను రెండు నిమిషాలు నోరు మెదపలేదు. ఆ రెండు నిమిషాల్లోనే అమ్మ మాత్ర వేసుకుని నీళ్లు తాగుతుంది. చివరిదాకా ఆగి తాగమ్మా, పగలు దప్పిక కాదు అని చెప్పింది కూడా తనే. తెల్లవారిన తర్వాత ఒక్క గుటక దిగినా ఆ ఒక్కపొద్దు లెక్కలోకి రాదు, రంజాన్ అయ్యాక మళ్లీ పట్టి తీర్చుకోవాలి, చిన్నప్పుడు అమ్మే నేర్పింది. మిగతావాళ్లు మళ్లీ పట్టుకోవచ్చు, మళ్లీ పట్టడానికి అమ్మ ఏది?

పోయింది కూడా రంజాన్ చివర్లోనే, పొద్దున పూట, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయింది. గుండె అన్నారు. తాహెర్ వచ్చేసరికి ఆడవాళ్లు స్నానం చేయించి కఫను చుట్టేశారు, ముఖం మాత్రం తెరిచి చూపించారు, ముఖం మామూలుగానే ఉంది. ఒక్కపొద్దు మీద పోయినాదప్పా, ఎంత పుణ్యం, ఎవురికి దొరుకుతాది అని చుట్టాలంతా అన్నారు. ఆ మాటను అతను పట్టుకున్నాడు. దుఃఖం రాకపోయినా ఆ మాట ఉంది, రాత్రి నిద్ర పట్టకపోయినా ఆ మాట ఉంది, కాలం చెల్లిన మందైనా జేబులో ఉందంటే ధైర్యం కదా, అట్లా పట్టుకుని తిరిగాడు. ఈ పొద్దున ఆ మాట పోయింది. అమ్మ ఆ నెలంతా ఆకలితో ఉంది, దప్పికతో ఉంది, షుగరు మనిషి, కాలికి పుండు, దానికి కట్టు కట్టించుకోవడానికే ఎమ్మిగనూరులో అక్క దగ్గర ఉండిపోయింది, అట్లాంటి మనిషి పట్టిన ఒక్కపొద్దులన్నీ కొడుకు వేయని బ్రాకెట్టు వల్ల చెల్లకుండా పోయాయి. నా వల్ల, అనుకున్నాడు. ఇంకోసారి అనుకున్నాడు. ఏమీ కదల్లేదు లోపల. సూది మందు వేసిన దవడను వేలితో పొడుచుకున్నట్టుంది. తను ఏమై పోయాడో అని భయం మాత్రం వేసింది, నిజంగానే వేసింది.

రోజూ ఫోను చేశాడు కదా. ఆ నెలలో ఒక్క రోజూ తప్పలేదు. ఆఫీసులో పెద్ద పని నడుస్తోంది, గంట ప్రయాణమైనా ఎమ్మిగనూరు పోవడం ఒక్కసారీ కుదర్లేదు, కానీ గంట మోగీ మోగగానే ఫోను చేసేవాడు. గంట మోగినాదా అమ్మా? మోగినాది నాయనా. మాత్ర ఏసుకొని నీళ్లు తాగినావా? తాగినాను నాయనా, నీ గంట మోగేలోపలే తాగేసినా. సరే అమ్మా, పండుకో. అంతే, అంతకన్నా ఎక్కువ మాట్లాడింది లేదు, ఇంకో నాలుగు ఫోనులకు కూడా గంట పోయిందో లేదో చూసుకోవాలి. ఒకరోజు, రంజాన్ మొదట్లోనే, అమ్మ మెల్లగా, ఎవరి మీదో చాడీ చెప్పడానికి మొహమాటపడుతున్నట్టు అంది, "మసీదు మైకులో బాంగు అయిపోతా వచ్చినాక నీ గంట మోగతాండాదే నాయనా, నువ్వొకసారి సూసుకో." అతను నవ్వాడు. "వాళ్ల గడియారం ముందుంటాది లేమ్మా. నాది నమ్ము." "నమ్మక యాడికి పోతాలే," అంది అమ్మ. కోటేకల్ దగ్గర బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, కండక్టరు రైట్ అన్నాడు. నమ్మక యాడికి పోతాలే. తాయమ్మ నిద్రపోతోంది, ఆమె తల ఊగి ఊగి అతని భుజం మీద వాలింది, తీయాలనిపించలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికి తెలుస్తుంది? బ్రాకెట్టు వేసేయొచ్చు, ఆరంకెలు మళ్లీ ఎక్కించేయొచ్చు, వచ్చే రంజాన్‌కు అంతా సరిగ్గా మోగుతుంది. అక్క మాత్రం అమ్మ ఒక్కపొద్దు మీద పోయిందనే ధైర్యంతోనే ఉంటుంది. ఉండనీ. కానీ అమ్మ తరఫున ఎవరైనా తీర్చొచ్చంటారే, పిల్లలు పట్టొచ్చంటారే, లేకపోతే పేదవాళ్లకు అన్నం పెట్టొచ్చంటారే, చెప్పకపోతే అమ్మ బాకీ అమ్మ మీదే ఉండిపోతుంది. తన పరువు కాపాడుకోవడానికి అమ్మ మీద బాకీ ఉంచడమా. అంత మొద్దుబారలేదులే, అనుకున్నాడు, ఊరు కనిపించింది.

అక్క ఇల్లు మగ్గాల వీధిలో. ఇంకా చుట్టాలు రాలేదు, బావ మటన్ తేవడానికి పోయాడు, మిద్దె మీద షామియానా కొడుతున్న చప్పుడు. షాహీన్ పెరట్లో కట్టెల పొయ్యి ముందు పెద్ద దబరాలో బియ్యం కడుగుతోంది. తమ్ముణ్ణి చూసి చేతులు తుడుచుకోకుండానే "వచ్చినావా, నీళ్లు తాగు, కుండలో ఉండాయి," అంది. తాగాడు. ఇప్పుడు కాకపోతే మళ్లీ చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాడు. గంట ఆలస్యంగా మోగిందని, ఆ నెలంతా అంతేనని, పాయింటు తర్వాత అంకెలు పోయాయని, పొలం సంగతి కూడా చెప్పాడు, అక్కకు ఆ పొలం ఎందుకో అతనికే తెలియదు. "అమ్మ తెల్లారినాక నీళ్లు తాగిందక్కా, రోజూ. నేను సేసిన తప్పు. అమ్మ పట్టిన ఒక్కపొద్దులేవీ సెల్లవు." షాహీన్ బియ్యంలో చెయ్యి ఆపింది. నీళ్లు పాలలాగా ఉన్నాయి.

"అమ్మ ఒక్కపొద్దులు పట్టిందని ఎవురు సెప్పినారు నీకు?"

"అమ్మే సెప్పింది. రోజూ ఫోనులో."

"ఒక్కటీ పట్టలేదురా." ఆమె గొంతు తగ్గించింది, మిద్దె మీదివాళ్లకు వినబడుతుందని. "కట్టు కట్టే డాక్టరు తిట్టి పంపినాడు. పుండు మానేదాకా కడుపు మాడ్సినావంటే నా దగ్గరికి రావద్దన్నాడు. పొద్దున మాత్ర ఏసుకొని, మద్దేనం ఇంత జొన్నగంజి తాగి పండుకుంటాండె. వాడు నా కోసమని కూసోని గంట సేసినాడు, పట్టలేదంటే వాని మనసు సిన్నబోతాది, సెప్పద్దే అని నా సేత ఒట్టేయించుకున్నాది. పోయినప్పుడు అందరూ ఒక్కపొద్దు మీద పోయినాదంటాంటే నేనేమని సెప్పల్ల? నోరు మూసుకుంటి."

తాహెర్ పొయ్యి పక్కన చపటా మీద కూర్చున్నాడు. అయితే అమ్మకు బాకీ లేదు. జబ్బు మనిషికి ఒక్కపొద్దు లేకపోయినా దోషం లేదు. పదహారు డెబ్బై ఏడుకూ అమ్మకూ ఏ సంబంధమూ లేదు, అతను పొద్దుటి నుంచీ మోసుకొచ్చిన నేరం ఉత్తదే అయిపోయింది. బరువు దిగాలి కదా. దిగలేదు. "పట్టనప్పుడు తెల్లారుజామున ఎందుకు లేస్తాండె మల్ల? నేను ఫోను సేసినప్పుడల్లా మేలుకొనే ఉండె కదా."

"ఎందుకేందిరా." షాహీన్‌కు కోపం లేదు, అతనికి అదే కష్టంగా ఉంది. "ఆ పొద్దు తప్ప నువ్వు ఫోను సేసేదే లేదు కదా. నిద్ర పోతానేమో లేపే అని రాత్రే నాకు సెప్పి పండుకుంటాండె. గోడ పట్టుకొని కుంటుకుంటా వచ్చి, ఫోను ముందు పెట్టుకొని కూసుంటాండె. బాంగు అయిపోయినా నీ ఫోను రాకపోతే వాడు మరిసినాడేమో అని ఒకటే అలమటించేది. ఆ రెండు మాటలూ నీతో మాట్లాడినాక పోయి పండుకునేది."

బావ స్కూటరు వీధిలో ఆగిన చప్పుడైంది. షాహీన్ లేవబోయింది. తాహెర్ గోడ వైపు చూస్తున్నాడు. అమ్మ గోడ పట్టుకుని కుంటుతూ రావడం ఊహించుకోబోయాడు. గది వచ్చింది, చీకటి వచ్చింది, చీర కుచ్చిళ్లు వచ్చాయి. నడక రాలేదు. ఎటువైపు ఒరుగుతుంది? ఏ చేత్తో గోడ పట్టుకుంటుంది? ఎంత వెతికినా అతని దగ్గర అది లేదు.

"అక్కా," అన్నాడు. "అమ్మకు పుండు ఏ కాలికి?"

తమాషా చేస్తున్నాడేమో అని షాహీన్ అతని ముఖంలోకి చూసింది. చేయడం లేదని తెలిశాక మళ్లీ కూర్చుని, తడి చేతిని అతని మోకాలి మీద వేసింది.

"ఎడమ కాలురా," అంది.